పేరు దాచిన పరీక్ష

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

చైనాకీ పాశ్చాత్య దేశాలకీ సంస్కృతిలో ఉన్న తేడా గురించి మాట్లాడమన్నారు. ఈ విషయం ఎత్తగానే అందరూ చెప్పే మాట ఒకటుంది. చైనావాళ్లకు కుటుంబం ముఖ్యం, పాశ్చాత్యులకు వ్యక్తి ముఖ్యం అని. అందులో అబద్ధం లేదు. కానీ ఆ ఒక్క సూత్రం పట్టుకుని బయల్దేరితే ఒకచోట బోర్లాపడతాం. ఆ చోటు పరీక్ష హాలు. ఇవాళ దాని గురించే చెబుతాను.

ముందు కుటుంబం సంగతి. 11వ శతాబ్దంలో ఫాన్ జోంగ్‌యాన్ అనే మంత్రి ఉండేవాడు. పొలాలు కొని, సుజౌలో ఉన్న తన వంశం పేర రాసిచ్చాడు. ఆ పొలాల మీద వచ్చే గింజలతో వంశంలోని బీదవాళ్లకు తిండి, బట్ట, పెళ్లి ఖర్చు జరిగేవి. పిల్లల చదువుకూ, ప్రభుత్వోద్యోగాల పరీక్షకు వెళ్లే దారి ఖర్చులకూ అందులోంచే ఇచ్చేవారు. తర్వాత ఎన్నో వంశాలు ఇదే పద్ధతి పట్టాయి. కుర్రాడు పాసైతే ఆ గౌరవం అతనొక్కడిదే అనుకునేవారు కాదు. పూర్వీకుల గుడి ముందు రాతి దిమ్మె కట్టి జెండా కర్ర నిలబెట్టేవారు. పెద్ద పదవి వస్తే అతని తల్లిదండ్రులకూ, చనిపోయిన తాతలకూ కూడా రాజు బిరుదులిచ్చేవాడు. పోయినవాళ్లకు ప్రమోషన్ ఇచ్చే ప్రభుత్వం అన్నమాట!

బంధుత్వం ఇంత గట్టిగా ఉన్న దేశం, మనం ఊహించని పని ఒకటి చేసింది. అభ్యర్థి ఎవరో దిద్దేవాడికి తెలియకుండా పరీక్ష పెట్టింది. ఉద్యోగులను పరీక్షతో ఎంచుకోవడం 7వ శతాబ్దం మొదట్లో, సుయ్ వంశం కాలంలోనే మొదలైంది. దాని తర్వాతి టాంగ్ వంశం కాలంలో ఇంకా పెద్దల సిఫార్సులు నడిచేవి. సాంగ్ వంశం వచ్చాక, 11వ శతాబ్దం తొలి సంవత్సరాలకల్లా, పేపరు మీద పేరున్న భాగాన్ని మూసి అతికించడం నియమమైంది. చేతిరాత బట్టి గుర్తుపడతారేమోనని జవాబులన్నీ గుమాస్తాలతో మళ్లీ రాయించారు. తర్వాత వచ్చిన మింగ్, చింగ్ వంశాల కాలాల్లో అభ్యర్థి నల్ల సిరాతో రాస్తే గుమాస్తా ఎర్ర సిరాతో నకలు తీసేవాడు. నకల్లో తప్పులు దొర్లాయేమో చూడటానికి మళ్లీ వేరే మనుషులు. దిద్దేవాళ్ల చేతికి వెళ్లేది ఆ ఎర్ర సిరా నకలే. దిద్దడం పూర్తయ్యేదాకా వాళ్లను కూడా ఆవరణలోనే పెట్టి తాళం వేసేవారు.

నాన్‌జింగ్‌లోని పరీక్షా ప్రాంగణంలో 20 వేలకు పైగా గదులుండేవి. గది అంటే మూడు గోడలు, రెండు చెక్క పలకలు. పగలు ఒక పలక మీద కూర్చుని రెండోదాని మీద రాయాలి. రాత్రి రెండూ ఒక ఎత్తున పెట్టుకుని ముడుచుకు పడుకోవాలి. ఇలా మూడు విడతలు, విడతకు రెండేసి రాత్రులు. కాపీ కొట్టేవాళ్లు లేరనుకోకండి. లోచొక్కా నిండా చీమ తలకాయంత అక్షరాలతో వ్యాసాలు రాసుకుని వచ్చేవారు. అలాంటి చొక్కాలు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. మన ఇంటర్ పరీక్షల స్లిప్పులు వాటి ముందు దిగదుడుపే.

ఇంత కట్టుదిట్టం ఎందుకు? నాకు తోచిన కారణం ఇది. మనవాడు అనే మాటకు ఎంత బలముందో చైనావాళ్లకు బాగా తెలుసు. మేనమామ అడిగితే, చదువు చెప్పిన గురువు అడిగితే కాదనడం అక్కడ తప్పు కిందే లెక్క. కాదనలేని మనిషికి అసలు పేరే కనబడకుండా చేస్తే గొడవ ఉండదు. కుటుంబాన్ని తక్కువగా చూడటం వల్ల పుట్టిన ఏర్పాటు కాదిది, దాన్ని చూసి భయపడి చేసుకున్నది. ఈ నియమం తప్పితే శిక్ష కూడా మామూలుగా ఉండేది కాదు. 1858లో బీజింగ్ పరీక్షలో ఒక అభ్యర్థి పేపరు మార్పించిన కేసులో ప్రధాన పరీక్షకుడు బోజున్‌కి మరుసటి ఏడాది తల తీశారు. ఆయన సామాన్యుడు కాదు, దేశంలో అత్యున్నత పదవుల్లో ఉన్న మంత్రి.

ఇప్పుడు వ్యక్తిని గొప్పగా చెప్పుకునే పశ్చిమానికి వద్దాం. 1850ల దాకా ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగం కావాలంటే డైరెక్టరు నామినేట్ చేయాలి. బ్రిటిష్ సైన్యంలో ఆఫీసరు పదవులను 1871 దాకా డబ్బిచ్చి కొనుక్కునేవారు. చైనాలో దుబాసీగా పనిచేసిన థామస్ టేలర్ మెడోస్ అనే ఇంగ్లీషువాడు, చైనా ఇన్నాళ్లు నిలిచింది పరీక్షల వల్లే, మనమూ పెడదాం అని 1847లోనే రాశాడు. 1853 చట్టం డైరెక్టర్ల నామినేషన్‌ను తీసేసింది. 1855లో లండన్‌లో ఇండియా సివిల్ సర్వీసుకు పోటీ పరీక్ష జరిగింది. ఇది చైనా పద్ధతి, మనకెందుకని అక్కడ వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. అంతా చైనా నుంచే వచ్చిందని చెప్పను. కేంబ్రిడ్జిలో లెక్కల రాత పరీక్షలు అంతకుముందే ఉన్నాయి. కానీ దొరలు మనకిచ్చారని మనమనుకునే సివిల్స్‌లో చైనా వాటా ఉంది.

అయినా పశ్చిమానికి పేరు మూసేయడం మనసుకు పూర్తిగా పట్టలేదు. ఈ మనిషి ఎవరు, ఎలాంటివాడు అని అడగడం వాళ్ల అలవాటు. అమెరికాకు ఎమ్మెస్‌కి వెళ్లే మన పిల్లలు మార్కుల దగ్గర తడబడరు. నీ గురించి రెండు పేజీలు రాయి, నిన్నెరిగినవాళ్ల చేత ఉత్తరాలు రాయించు అన్నప్పుడే టెన్షన్ పడి కన్సల్టెన్సీకి పరుగెత్తుతారు. ఎరిగినవాళ్ల మాట తీసుకోవడంలో మంచి లేకపోలేదు, మూడు గంటల్లో బయటపడని గుణాలు మనిషిలో ఉంటాయి. కానీ ఆ తలుపు ఎందుకు తెరిచారో కూడా చూడాలి. 1920ల్లో హార్వర్డ్‌లో యూదు విద్యార్థులు పెరుగుతున్నారని ఆ యూనివర్సిటీ అధ్యక్షుడు లోవెల్‌కి బెంగ పట్టుకుంది. మార్కులతో పాటు నడవడిక, వ్యక్తిత్వం చూస్తామన్నారు. దాంతో యూదుల సంఖ్య తగ్గింది. 2023లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన హార్వర్డ్ కేసులోనూ, వ్యక్తిత్వానికిచ్చే రేటింగ్‌లో ఆసియా సంతతి పిల్లలకు తక్కువ పడుతున్న సంగతి చర్చకొచ్చింది.

మనం ఎటువైపు? తెలంగాణలో 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలు తీసేశారు. ఎదురుగా కూర్చుంటే పైరవీ నడుస్తుందన్న అనుమానం మనకూ ఉంది. ఈ ఒక్క విషయంలో మన మనసు లండన్ కన్నా సాంగ్ రాజధానికే దగ్గరేమో.

అయితే మూసిన పేరు వెనక డబ్బు మాయం కాదు. పాత చైనా పరీక్ష కోసం ఇరవై, ముప్ఫై ఏళ్లు పని చేయకుండా చదివే స్తోమత ఎంతమందికి ఉంటుంది? ఆడవాళ్లకైతే ప్రవేశమే లేదు. నాలుగుసార్లు ఫెయిలైన హాంగ్ షియుచువాన్, తాను ఏసుక్రీస్తు తమ్ముణ్ణని చెప్పి నడిపిన తైపింగ్ తిరుగుబాటులో కోట్లమంది పోయారు. 1905లో ఆ పరీక్షను రద్దుచేశారు.

ఇప్పుడున్నది కాలేజీ ప్రవేశానికి గావ్‌కావ్. 2024లో దానికి 1 కోటి 34 లక్షల మంది పేర్లిచ్చారు. పేపర్లకు పోలీసు కాపలా ఉంటుంది, దిద్దేటప్పుడు పేరు కనబడదు. అయినా 2020లో షాన్‌డాంగ్ రాష్ట్రంలో ఒక సంగతి బయటపడింది. 2004లో పరీక్ష రాసిన ఒక రైతు కూతురు సీటు రాలేదనుకుని కూలికి వెళ్లింది. నిజానికి ఆమెకు సీటొచ్చింది. ఆమె పేరుతో వేరొకామె కాలేజీలో చేరి, చదివి, ప్రభుత్వోద్యోగం కూడా సంపాదించింది. వెతికితే అలాంటివి ఇంకెన్నో తేలాయి. పేపరు దిద్దేదాకా పేరు దాచారు. ఫలితం వచ్చాక అదే పేరును, తెలిసిన అధికారులను పట్టుకుని ఎత్తుకుపోయారు. ఆ ఏడాది చివర్లో శిక్షాస్మృతిని సవరించి దీన్ని ప్రత్యేక నేరంగా చేర్చారు.

నేనిక కూర్చుంటాను. గ్రూప్స్‌కి చదివేవాళ్లు చాలామంది వచ్చినట్టున్నారు, ముందు వాళ్లను అడగనివ్వండి.