రెండు నిమిషాల పనే కదా!

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలోని మేనేజర్లకు, వెనక నిలబడ్డ ఎలక్ట్రీషియన్ సోదరులకు నమస్కారం. వెనకవాళ్లు దయచేసి ముందుకు రండి, కుర్చీలున్నాయి. ఈ మాటలు మీకోసమే.

ఆర్క్ ఫ్లాష్, అంటే కరెంటు గాలిలోంచి దూకినప్పుడు వచ్చే మెరుపు. ఆ ప్రమాదాన్ని అంచనా వేయడం, తగ్గించడం గురించి మాట్లాడమన్నారు. కరెంటు ప్రమాదం అనగానే మనకు షాక్ కొట్టడమే గుర్తొస్తుంది. ముట్టుకోకపోతే ఏమీ కాదని ధీమా. ఆర్క్‌కి మీరు ముట్టుకోనక్కర్లేదు. రెండు ఫేజుల మధ్య గాలే దారైపోతుంది. ఆ మెరుపులో వేడి దాదాపు 20,000 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లగలదు. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీలే. రాగి ఆవిరైతే 67,000 రెట్లు ఉబ్బుతుంది. అందుకే మంటతో పాటు పేలుడూ ఉంటుంది.

నేను అన్నా అని పిలిచే సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఓ రోజు ప్యానెల్లో టెర్మినల్ వదులైంది. ఇన్‌కమర్, అంటే ప్యానెల్‌కి కరెంటు తెచ్చే ప్రధాన బ్రేకర్, ఆపితే లైను మొత్తం ఆగుతుంది. ఆయన షట్‌డౌన్ అడిగాడు. "రెండు నిమిషాల పనే కదా, కానిచ్చేయ్" అన్నారు పైనుంచి. స్పానర్ జారింది. తలుపు పక్కన నిలబడ్డ నాకు తెల్లటి వెలుగు తప్ప ఏమీ గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి అన్న పాలిస్టర్ చొక్కా కరిగి ఒంటికి అతుక్కుపోయింది. ఎడమ చేతికి గడియారం పట్టీ ఉన్నంత మేర మాత్రం చర్మం మామూలుగా ఉంది. అన్న బతికాడు. కుడిచేతి వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు.

విచారణ కాగితంలో 'పనివాడి అజాగ్రత్త' అని రాశారు. అది నేను ఒప్పుకోను, ఇప్పటికీ ఒప్పుకోను.

ఎందుకంటే అంతకు కొన్ని నెలల ముందు, పెద్ద మోటారు స్టార్ట్ చేసినప్పుడల్లా ఆ ఇన్‌కమర్ ట్రిప్ అవుతోందని దాని ఇన్‌స్టంటేనియస్ సెట్టింగ్, అంటే ఆలస్యం లేకుండా ట్రిప్ అయ్యే కరెంటు హద్దు, పెంచారు. తాత్కాలికంగా అన్నారు. ఆ డయల్ తిప్పిన చెయ్యి నాది. మళ్లీ ఎవరం వెనక్కి తిప్పలేదు. ఆర్క్‌లో పారే కరెంటు నేరుగా షార్ట్ అయినప్పుడు పారేదానికంటే తక్కువ. పెంచిన సెట్టింగ్‌ని అది అందుకోలేదు. బ్రేకర్ తన డిలే అంతా పూర్తయ్యాకే పడి కరెంటు ఆపింది. ఆర్క్ ఎంతసేపు ఉంటే వేడి అంత పెరుగుతుంది. 0.1 సెకనులో పడాల్సింది 0.3 సెకనుకు పడితే ఒంటికి తగిలే వేడి ఇంచుమించు మూడింతలు.

నా కాగితంలో తర్వాత ఆర్క్ వేడి నుంచి కాచే సూట్ల గురించి ఉంది. అది పక్కన పెడుతున్నాను. ఈ డయల్ సంగతే చెప్పాలి.

ఆ వేడి ఎంతో లెక్క కట్టడానికి ఐఈఈఈ 1584 అనే ప్రమాణం ఉంది. 2002లో వచ్చింది, 2018లో సవరించారు. ఫాల్ట్ కరెంటు, బ్రేకర్ పడే సమయం, కండక్టర్ల మధ్య ఎడం, పెట్టె కొలతలు, మనిషి నిలబడే దూరం... ఇవన్నీ అందులోకి వెళ్తాయి. చదరపు సెంటీమీటరుకు 1.2 క్యాలరీల దగ్గరే చర్మం బొబ్బలెక్కే స్థాయి మొదలవుతుంది. ఇలా లెక్క కట్టి ప్యానెల్‌కి అంటించిన లేబుల్ మీద 8 క్యాలరీలు అని ఉందనుకోండి. ఆ తర్వాత ఎవరో సెట్టింగ్ పెంచారు. ఆ 8ని నమ్మి వేసుకున్న సూటు ఇక మిమ్మల్ని కాయదు. ఐదేళ్లు దాటకుండా లెక్క సరిచూడమని అమెరికా విద్యుత్ భద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 70ఈ అంటుంది. సెట్టింగ్ మారిన రోజున ఐదేళ్లు ఆగుతారా?

చెయ్యెత్తండి, మీ ఇన్‌కమర్ సెట్టింగ్‌ని ఈ లెక్కలు కట్టిన స్టడీ రిపోర్టుతో ఎప్పుడైనా పోల్చి చూసినవాళ్లు? ...సరే, దించండి.

తగ్గించే దారులున్నాయి. అన్నిటికంటే ముందు కరెంటు ఆపడం, తాళం వేయడం. ఆ తర్వాత టెస్టర్‌ని కరెంటున్న చోట పరీక్షించి, పని చోట చూసి, మళ్లీ కరెంటున్న చోట చూడాలి. ఆ మూడోసారి చూడటం మానొద్దు, మధ్యలో టెస్టరే పాడై ఉండొచ్చు. లైవ్ మీద పని తప్పనప్పుడు బ్రేకర్‌ని వెంటనే పడేలా చేసే మెయింటెనెన్స్ స్విచ్ ఉంటుంది. వెలుగును పసిగట్టే రిలేలు మిల్లీసెకన్లలో ట్రిప్ ఆదేశం ఇస్తాయి. బ్రేకర్‌ని దూరం నుంచే ర్యాక్ చేసే, అంటే ప్యానెల్లోంచి బయటికి లాగి మళ్లీ లోపలికి నెట్టే, మోటార్లున్నాయి. సూటు చివరిది. కాలకుండా ఆపుతుంది గానీ పేలుడు తోపుని ఆపలేదు.

మేనేజర్లు నా మాట వినండి. అన్నతో చెప్పిన "రెండు నిమిషాల పనే" అన్న మాట ఏ కాగితం మీదా లేదు. నోటిమాటగా అన్నారు, నోటిమాటగానే పోయింది. ఇకమీదట మీ దగ్గరికి షట్‌డౌన్ అడుగుతూ పర్మిట్ వస్తే సంతకం పెట్టి ఇవ్వండి. ఇవ్వకూడదనుకుంటే ఎందుకు ఇవ్వడం లేదో అదే కాగితం మీద రాసి, కింద మీ సంతకం పెట్టండి.