చంటిబిడ్డ లాల: మునకకు ముందు మెట్లున్నాయి

నమస్కారమండి. ఈ వీడియో చేయడానికి కారణం ఒకే ఒక్క మాట. "ఏడవనీవే, ఏడిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి." మా విజయవాడలో చంటిబిడ్డకు లాల పోసే ఇళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. పుట్టగానే ఏడ్చే ఏడుపు సంగతి వేరు, ఊపిరితిత్తుల్లోకి గాలి నిండడానికి అది సాయపడుతుంది. మూడో నెలలో చెంబు చూసి ఏడిస్తే అది బలం కోసం కాదండి, భయంతో.

ఒక్కసారి దుర్గా ఘాట్‌కు వెళ్దాం. 2016 కృష్ణా పుష్కరాలకు వెళ్లారా? నీళ్లలోకి ఎలా దిగారో గుర్తు తెచ్చుకోండి. ముందు వంగి నాలుగు చుక్కలు తల మీద చల్లుకున్నారు. ఒక మెట్టు దిగారు, పాదాలు తడిశాయి. చల్లగా తగిలితే కాసేపు ఆగారు. ఇంకో మెట్టు, మోకాళ్లు. నడుం దాకా వచ్చాక పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని, ముక్కు మూసుకుని, అప్పుడు మునిగారు. వెనక ఎంత జనం ఉన్నా ఎవరూ మొదటి మెట్టు నుంచి ఒక్కసారిగా దూకలేదు. పెద్దవాళ్లకే ఇన్ని మెట్లు కావాలి కదా, మరి మూడు నెలల బిడ్డకు మొదటి చెంబే నెత్తిన ఎందుకు పోస్తున్నాం?

[చేతిలో చెంబు]

ఇప్పుడు ఇదే ఘాట్ ఇంట్లో కడదాం. పట్టుకోవడానికి చెయ్యి ఉందా అన్నది మొదట చూడాలి. చంటిబిడ్డకు తల కింద ఆసరా జారినట్టు అనిపిస్తే చాలు, రెండు చేతులూ విసిరేసి ఉలిక్కిపడుతుంది. దీన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు. ఎర్న్‌స్ట్ మోరో అనే పిల్లల డాక్టరు 1918లో దీన్ని వివరించాడు. నాలుగు నుంచి ఆరు నెలల్లో దానంతట అదే పోతుంది. అంటే అప్పటిదాకా కొన్ని ఏడుపులు నీళ్ల వల్ల కాకుండా, పడిపోతున్నానన్న భావన వల్ల కావచ్చు. అందుకే మన అమ్మమ్మలు పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టడం నాకు చాలా ఇష్టం. ఒంటికి పొడవునా ఆసరా దొరుకుతుంది. ఆ పద్ధతి అస్సలు మార్చొద్దు. మార్చాల్సింది నీళ్లు పోసే వరస మాత్రమే.

రెండోది నీళ్ల వేడి. 37, 38 డిగ్రీలు, అంటే మన ఒంటి వేడంత. చేతి వేళ్లు వంటింట్లో వేడికి అలవాటుపడి ఉంటాయి, వాటిని నమ్మకండి. మోచెయ్యి ముంచి చూడండి. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్నీళ్లు. మే నెలలో బయట ఎండ మండిపోతున్నా ఫ్యాన్ ఆపేయండి. తడి ఒంటికి గాలి తగిలితే చిన్నపిల్లలు మనకంటే త్వరగా చల్లబడతారు.

ఇక మెట్లు. మొదటి చెంబు పాదాల మీద, అదీ మీ అరచేతి మీదుగా జారనివ్వండి. తర్వాత మోకాళ్లు, పొట్ట, వీపు. తల అన్నిటికంటే చివర. మొహానికి చెంబు అక్కర్లేదు, తడిగుడ్డ చాలు.

ఏడాది దాటిన పిల్లలకు ఘాట్ ఇంకాస్త పొడుగ్గా ఉంటుంది. మా చెల్లి కూతురికి పద్నాలుగు నెలలప్పుడు బకెట్ కనిపిస్తేనే కెవ్వుమనేది. ఒకరోజు స్నానం ఊసే ఎత్తలేదు. గౌనుతోనే కూర్చోబెట్టి, బేసిన్లో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, చిన్న స్టీలు గ్లాసు చేతికిచ్చాను. ముందు ఒక వేలు ముంచింది. ఆ తడి వేలును చాలాసేపు చూసుకుంది. తర్వాత గ్లాసు నింపి నా పాదం మీద పోసి, నా మొహంలోకి చూసింది. "అబ్బ, నాకు లాల పోశావా తల్లీ!" అన్నాను. మళ్లీ పోసింది, మళ్లీ మళ్లీ. నాలుగో రోజు తనే బేసిన్లో కూర్చుంది. మనం చల్లుకునే ఆ నాలుగు చుక్కలు ఇవేనండి. తనంతట తను నీళ్లను తాకడం.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. గీజరు చప్పుడుకు, పంపు చప్పుడుకు భయపడుతుంటే బిడ్డను తేకముందే బకెట్ నింపుకోండి. తలంటేటప్పుడు నుదుటి మీద మీ చెయ్యి అడ్డం పెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, "ఒకటి, రెండు, మూడు" అని చెప్పి పొయ్యండి. వద్దంటే ఆగండి, ఒక మెట్టు వెనక్కి ఎక్కండి. ముక్కులో, చెవుల్లో నూనె పొయ్యకండి. పుట్టిన బిడ్డకు మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆగి చేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

ఒక్క విషయం మాత్రం నెమ్మదిగానే చెప్తాను. నీళ్లంటే భయం పోయిన పిల్లలు బకెట్ దగ్గరికి తమంతట తామే వెళ్తారు. రెండంగుళాల నీళ్లు చాలు ప్రాణం పోవడానికి, అదీ చప్పుడు లేకుండా. కాలింగ్ బెల్ మోగితే బిడ్డను తువ్వాల్లో చుట్టుకుని మీతోపాటే తీసుకెళ్లండి. స్నానం కాగానే బకెట్ ఖాళీ చేసి ఇదిగో, ఇలా బోర్లించండి.

[బకెట్ బోర్లిస్తూ]