వైరస్‌కి పైపొర ఉంటే బలమా, బలహీనతా?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట అంబత్తూరు నుంచి, మడిపాక్కం నుంచి బస్సులు మారి టీ నగర్ దాకా వచ్చారు, కాబట్టి సుత్తి లేకుండా విషయంలోకి వెళ్తాను.

మినుములు, పెసలు పండించే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు పల్లాకు తెగులు చూసే ఉంటారు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది. అసలు వైరస్‌ల కథ మొదలైందే ఆకు మీద. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, తెగులు సోకిన పొగాకు రసాన్ని బాక్టీరియా కూడా దూరలేని పింగాణీ ఫిల్టర్‌లో వడకట్టాడు, అయినా ఆ రసం తగిలిన మొక్కకి తెగులు వచ్చింది. 1935లో అమెరికాలో స్టాన్లీ ఆ వైరస్‌నే ఉప్పులా స్ఫటికాలుగా మార్చి చూపించాడు, మళ్లీ ఆకుకి రాస్తే మళ్లీ తెగులే! ప్రాణం ఉన్నదా లేనిదా అని అప్పుడు మొదలైన వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నన్నడిగితే ఆ వాదన కంటే వైరస్ ఒంటి తయారీ ఆసక్తికరం.

లోపల డీఎన్‌ఏ గానీ ఆర్‌ఎన్‌ఏ గానీ, ఏదో ఒకటే. చుట్టూ క్యాప్సిడ్ అనే ప్రొటీన్ తొడుగు. కరోనా రోజుల్లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో మన శాంపిళ్లలో వెతికింది ఆ వైరస్ ఆర్‌ఎన్‌ఏ కోసమే. పొగాకు వైరస్ తొడుగులో ఒకే రకం ప్రొటీన్ దాదాపు 2,130 సార్లు వస్తుంది, ఎందుకంటే అంత చిన్న ఆర్‌ఎన్‌ఏతో రకరకాల ప్రొటీన్లు చేయించుకునే స్తోమత దానికి లేదు. ఏ వైరస్‌కీ ప్రొటీన్లు తయారుచేసే సొంత రైబోజోములు లేవు, శక్తి తయారీ లేదు, అన్నీ తను దూరిన కణానివే వాడుకుంటుంది. యాంటీబయోటిక్స్ దెబ్బకొట్టేది బాక్టీరియా కణగోడనో, రైబోజోములనో. అవేవీ లేనిదాన్ని ఏం కొడతాయి? అయినా జలుబు చేయగానే మెడికల్ షాపుకి వెళ్లి అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ అడుగుతాం.

ఇప్పుడు అసలు సంగతి. కొన్ని వైరస్‌లు కణం నుంచి బయటికొచ్చేటప్పుడు దాని పొరలో కొంత చుట్టుకుని వస్తాయి, అది కొవ్వు పొర. ఫ్లూ, కరోనా, డెంగీ ఈ రకమే. అదనపు రక్షణ అనుకుంటాం గానీ సబ్బు తగిలితే ముందు కరిగేది అదే, కణాన్ని పట్టుకునే ప్రొటీన్లు ఆ పొర మీదే ఉంటాయి కాబట్టి అది పోతే వైరస్ మన కణాన్ని పట్టుకోలేదు. పోలియో, విరేచనాలు తెచ్చే రోటా, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ లాంటివాటికి ఆ పొర లేదు, వట్టి ప్రొటీన్ తొడుగే, కానీ కడుపులోని ఆమ్లాన్ని కూడా దాటుకుని పేగుల్లోకి చేరతాయి. బలహీనపరిచిన వైరస్ ఉన్న పోలియో చుక్కలు నోట్లో వేస్తే పనిచేసేది అందుకే, కలుషితమైన నీళ్లతో కామెర్లు వచ్చేదీ అందుకే. వీటి మీద శానిటైజర్ ప్రభావం తక్కువ, సబ్బుతో రుద్ది నీళ్లతో కడిగేయాలి, ట్యాంకర్ నీళ్లయితే మరిగించి తాగాలి. డెంగీ అలా నీళ్లలో రాదు, దోమ నేరుగా రక్తంలోకి ఎక్కిస్తుంది. కాబట్టి దాని విషయంలో చేతులు ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు, మేడ మీద తొట్టెలకి మూతలు చూసుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.