ఇల్సెబిల్ మొదటి కోరిక

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ‘ఉన్నదానితో తృప్తి’ అనే విషయం మీద ఒక కథ చెప్పమన్నారు. చెబుతాను. అయితే పెద్దలతో నాకు కాస్త పేచీ ఉంది, అదీ చెబుతాను.

ఇది ఉత్తర జర్మనీ జాలరుల కథ. రూంగె అనే చిత్రకారుడు అక్కడి మాండలికంలోనే రాసి ఇస్తే, గ్రిమ్ సోదరులు 1812లో తమ సంపుటంలో వేశారు. ఒక జాలరి గాలానికి మాట్లాడే చేప పడింది. అది శాపం తగిలిన రాజకుమారుడు. జాలరి జాలిపడి వదిలేశాడు. భార్య ఇల్సెబిల్ ఊరుకోలేదు. ‘ఈ గుడిసె కంపు కొడుతోంది, ఒక చిన్న ఇల్లు అడిగి రా’ అంది. ఇల్లు వచ్చింది. తర్వాత కోట కావాలంది. ఆపైన రాజరికం, చక్రవర్తి పదవి, పోపు పీఠం. చివరికి దేవుడంతటిదాన్ని కావాలంది. మళ్లీ పాత గుడిసెలోనే పడింది.

పిల్లలూ, ఈ కథలో సముద్రాన్ని గమనించండి. మొదట తేటగా ఉన్న నీళ్లు, ఇల్లు అడిగేటప్పటికి పచ్చపచ్చగా మారాయి. కోట అడిగితే ఊదా రంగుకు తిరిగి చిక్కబడ్డాయి. రాజరికం అడిగినప్పుడు అడుగునుంచి పొంగి కంపు కొట్టాయి. చివరిసారి కొండలంత నల్లటి కెరటాలు. జాలరి ప్రతిసారీ ‘ఇది తగదు’ అనుకుంటూనే వెళ్లాడు. అయినా అందరూ తిట్టేది ఇల్సెబిల్‌నే!

పెద్దలతో నా పేచీ ఇక్కడే. మొదటి కోరికలో తప్పేముంది? మా చిన్నప్పుడు మాది తాటాకు పాక. వానాకాలంలో మా అమ్మ ఒక చేత్తో పొయ్యి మీద గొడుగు పట్టుకుని, రెండో చేత్తో అన్నం కలిపేది. పెంకులు వేయిద్దామని ఆమె అడిగినప్పుడల్లా, మిద్దె ఇంట్లో ఉండే బంధువొకాయన ‘ఆశకు అంతుండాలమ్మా’ అనేవారు. ఆ మాట నాకింకా మండుతూనే ఉంది. కారే కప్పు కింద ఉన్నవాళ్లకు తృప్తి గురించి చెప్పకండి. దయచేసి చెప్పకండి.

తృప్తి పాఠం ఆ చిన్న ఇంటి దగ్గర మొదలవుతుంది. దానికొక ముంగిలి ఉంది, కోళ్లూ బాతులూ ఉన్నాయి, కూరలూ పళ్లూ కాసే చిన్న తోట ఉంది. రెండు వారాలు తిరక్కుండానే ఇల్సెబిల్‌కు అది ఇరుకైపోయింది. ఆ తోటలో ఆమె ఒక్క కూరైనా కోసినట్టు కథలో ఎక్కడా రాదు. వచ్చినదాన్ని అనుభవించకుండానే మరొకటి అడిగింది. ఆమె మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే.

కోట గురించి ఇంకా చెప్పాలనుకున్నాను గానీ, అది వదిలేస్తాను. ఈ భవనంలో పిల్లల గది చూశారా? గోడ చెమ్మెక్కి, కింది అరలోని బొమ్మల పుస్తకాలు ఉబ్బిపోయి పేజీలు అంటుకుపోయాయి. పిల్లలు వాటినే గోటితో మెల్లగా విడదీసుకుని చదువుకుంటున్నారు. ఉన్నదాన్ని ఎలా చూసుకోవాలో వాళ్లకు తెలుసు. కప్పు బాగుచేయించమని అర్జీ రాసి తెచ్చాను, గుమ్మం పక్కన బల్ల మీద ఉంది. పెద్దలందరూ సంతకం పెట్టి వెళ్లండి.