పడి లేవడం నేర్పే విమానం

[దృశ్యం: సాలూరు ఘాట్ రోడ్డు మలుపులు, ఆ తర్వాత సునాబెడ కర్మాగారం గేటు]

నమస్కారం. సాలూరు దాటి, ఘాట్ ఎక్కి, ఒడిశాలోని కోరాపుట్ వైపు సాగితే సునాబెడ వస్తుంది. మిగ్ విమానాల ఇంజన్ల కోసం 1964లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ నెలకొల్పిన కర్మాగారం ఇక్కడే ఉంది. టౌన్‌షిప్‌లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ కర్మాగారంలో తయారయ్యే ఏఎల్-55ఐ ఇంజన్‌ను బిగించుకొని ఎగిరే శిక్షణ జెట్ పేరు హెచ్‌జేటీ-36 సితార. 2025లో దీని పేరును యశస్‌గా మార్చారు; ఇక్కడ పాత పేరుతోనే పిలుస్తాను.

పాతదైన కిరణ్ శిక్షణ విమానంలో గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చుంటారు. సితారలో శిష్యుడు ముందు, గురువు వెనుక కాస్త ఎత్తున కూర్చుంటారు కాబట్టి గురువుకు శిష్యుడి తల మీదుగా రన్‌వే కనిపిస్తుంది.

[దృశ్యం: రెక్క మీదుగా గాలి పారే తీరును చూపే బొమ్మ]

సితార 2003 మార్చి 7న తొలిసారి ఎగిరింది. అసలు కష్టం ఆ తర్వాత, స్పిన్ దగ్గర ఎదురైంది. ముక్కు మరీ పైకెత్తితే రెక్క మీది గాలి ప్రవాహం చెదిరి, రెక్క విమానాన్ని మోయలేకపోతుంది. దీనినే స్టాల్ అంటారు. ఒక రెక్క రెండోదానికంటే ఎక్కువగా స్టాల్ అయితే విమానం ఆ వైపు ఒరిగి, గింగిరాలు తిరుగుతూ కిందికి జారుతుంది. ఇదే స్పిన్. అప్పుడు పైలట్ ఇంజన్ వేగం తగ్గించి, తిరుగుడుకు ఎదురు వైపు రడ్డర్ (నిలువు తోకకు ఉండే కదిలే పలక) పెడల్ తొక్కి, స్టిక్‌ను, అంటే విమానాన్ని నడిపే కర్రను, ముందుకు నెట్టాలి. అయితే తోక భాగంలో చెదిరిన గాలి రడ్డర్‌ను కప్పేస్తే, పెడల్ ఎంత తొక్కినా ఫలితం ఉండదు.

అందుకే ఇంజనీర్లు నిలువు తోకను వెనక్కి జరిపి, రడ్డర్ పలకను పొడిగించారు. పరీక్షల్లో విమానం తేరుకోకపోతే లాగి నిలబెట్టేందుకు తోక చివర ప్రత్యేకంగా ఒక పారాచూట్ కూడా అమర్చారు. చివరికి ఎడమకూ కుడికీ ఆరేసి చుట్లు తిరిగి, సితార క్షేమంగా తేరుకుంది. ఇందుకు దాదాపు రెండు దశాబ్దాలు పట్టిందని విమర్శించేవారున్నారు. అది చాలా ఆలస్యమే. అయినా ఈ ఒక్క పరీక్షలో తొందరపడకపోవడమే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే జెట్‌లో ఇంకా చేయి తిరగని కుర్రవాడి చేతికి ఈ స్టిక్ వెళుతుంది.

[దృశ్యం: కాక్‌పిట్, ఒకేసారి కదులుతున్న రెండు స్టిక్‌లు]

ముందు సీటులోని స్టిక్ కదిలితే వెనుక సీటులోనిదీ కదులుతుంది. శిష్యుడి తడబాటు గురువు అరచేతికి వెంటనే తెలుస్తుంది.