కెప్లర్ తల్లి మీద కేసు

సభకు నమస్కారం. అధ్యక్షులు నా గురించి చెప్పిన నాలుగు మంచి మాటలకు కృతజ్ఞతలు. జాతీయ విజ్ఞాన దినోత్సవం కాబట్టి జర్మనీ ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ గ్రహగమన నియమాల మీద మాట్లాడమన్నారు. కరపత్రంలోనూ అలాగే వేశారు. బోర్డు మీద దీర్ఘవృత్తం చక్కగా గీసి ఉంచిన పిల్లలకు నా ఆశీస్సులు.

మొదటి రెండు నియమాలు 1609లో అచ్చయ్యాయి. గ్రహం దీర్ఘవృత్తంలో తిరుగుతుంది, సూర్యుడు ఒక నాభి దగ్గర ఉంటాడు. సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు. మూడోది ఆయనకు 1618 మే నెలలో తట్టింది, మరుసటి ఏడాది పుస్తకంలో వచ్చింది. పరిభ్రమణ కాలం వర్గం, సగటు దూరం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. దీన్ని నేను ముప్పై నాలుగేళ్లు బడిలో చెప్పాను. ఆయన ఆ లెక్క కడుతున్న రోజుల్లోనే ఆయన తల్లి మీద మంత్రగత్తె అన్న నింద ఉందని, దాని మీద వ్యాజ్యం నడుస్తోందని ఒక్క తరగతిలోనూ చెప్పలేదు. నాకే తెలియదు. తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పడానికే ఈ పూట మీ ముందు నిలబడ్డాను. నియమాలు మీ పుస్తకంలో ఉన్నాయి, రేపు మీ సార్లు చెబుతారు. అధ్యక్షులు మన్నించాలి.

జర్మనీలో వుర్టెంబర్గ్ అనే రాజ్యం, అందులో లియోన్‌బర్గ్ అనే చిన్న ఊరు. కాథరీనా కెప్లర్ అక్కడ ఒంటరిగా ఉండే ముసలావిడ. మొగుడు ఎప్పుడో యుద్ధాలకని వెళ్లి తిరిగి రాలేదు. చదువు రాదు. ఆకుపసర్లు తెలుసు. 1615లో, పరిచయస్తురాలే అయిన అద్దాల పనివాడి భార్య ఉర్సులా రైన్‌బోల్డ్, ఈమె ఇచ్చిన పానీయం తాగాకే నాకు జబ్బు చేసిందని అంది. అంతకుముందే ఆ ఉర్సులాకూ కాథరీనా చిన్న కొడుకుకూ గొడవ ఉంది. చూడండి, చేతబడి కథలన్నీ ఇక్కడే మొదలవుతాయి. ముందు గొడవ, తర్వాత జబ్బు, ఆ తర్వాతే మంత్రం.

ఒకరు నోరు తెరిస్తే మిగతావాళ్లకు పాత నొప్పులన్నీ గుర్తొస్తాయి. ఇటుకల బట్టీకి ఇటుకలు మోసే ఒక ఆడపిల్ల, దారిలో ఈమె ఎదురుపడి తన చేతిని తాకిందని, అప్పటినుంచి చెయ్యి లాగేస్తోందని చెప్పింది. కాలు పడిపోయిన ఒక బడిపంతులు, ఈమె ఇంట్లో తాగిన ద్రాక్షసారా వల్లే అలా అయిందని సాక్ష్యం చెప్పాడు.

ఆ బడిపంతులు దగ్గర కాస్త ఆగుతాను. అతను కెప్లర్‌తో కలిసి చదువుకున్నవాడు. కాథరీనాకు చదువు రాదు కదా, దూరాన ఉన్న కొడుకు రాసే ఉత్తరాలు ఆమెకు చదివి పెట్టింది ఇతనే. అక్షరం వచ్చినవాడు, ఆమె ఇంట్లో కూర్చుని ఆమె కొడుకు మాటలు ఆమెకు వినిపించినవాడు, ఆమె మీద సాక్ష్యం చెప్పాడు. ఈ హాల్లో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. మీరు ఇతన్ని గుర్తుపెట్టుకోండి. నేను మళ్లీ ఇతని దగ్గరికి వస్తాను.

భయపడిన ముసలావిడ ఒక తప్పు చేసింది. విషయం తొందరగా తేల్చమని అధికారికి వెండి గిన్నె ఇవ్వబోయింది. అదీ ఆమె మీద నేరంగా ఎక్కింది. 1620 ఆగస్టులో కూతురి ఇంట్లో ఉండగా రాత్రిపూట వచ్చి, బట్టలు దాచుకునే పెట్టెలో పెట్టి మోసుకుపోయారు. డెబ్బై దాటిన మనిషి. గొలుసులు వేశారు, ఇద్దరిని కాపలా పెట్టారు, ఆ కాపలా ఖర్చూ ఆమె నెత్తినే వేశారు. ఏడవడం లేదేమని అడిగారట. మంత్రగత్తెకు కన్నీరు రాదని వాళ్ల నమ్మకం. బతుకంతా ఏడ్చాను, ఇంక నా దగ్గర కన్నీళ్లు లేవు అన్నదట.

కొడుకు ఆస్ట్రియాలోని లింట్జ్ నుంచి వచ్చాడు. చక్రవర్తి ఆస్థాన గణితజ్ఞుడు, పుస్తకాలు పక్కన పెట్టి తల్లి కేసు చేతికి తీసుకున్నాడు. విచారణ జరిపిన గుమాస్తా కాగితం మీద ఒక మాట రాశాడు. ముద్దాయి "దురదృష్టవశాత్తు" తన కొడుకు, గణితజ్ఞుడు యోహాన్ కెప్లర్ సహాయంతో హాజరయింది అని. దురదృష్టవశాత్తు! ముసలావిడకు ఒక మనిషి తోడు రావడం వాళ్లకు అంత అడ్డమయింది.

ఆయన ఏం చేశాడు? గ్రహాల విషయంలో ఏం చేశాడో అదే చేశాడు. ప్రతిదీ రాతలో ఇవ్వమన్నాడు. ఒక్కో ఫిర్యాదునూ విడదీసి తేదీలు చూశాడు. ఇటుకల పిల్ల చెయ్యి ఎందుకు లాగుతుంది? ఇటుకలు మోసింది కాబట్టి. పంతులు కాలు ఎందుకు పడిపోయింది? బరువుతో గుంత దూకాడు కాబట్టి. మంత్రాలు లేవని కెప్లర్ అనలేదు. ఆ కాలం మనిషి, అనలేడు కూడా. ఈ నొప్పికి మామూలు కారణం ఉంది, ముందు అది చూడండి అన్నాడు, అంతే. నాకు మూడో నియమం కంటే ఈ ఇటుకల లెక్క గొప్పదిగా కనిపిస్తుంది.

1621 సెప్టెంబరులో చివరి పరీక్ష. తలారిని పిలిపించి హింసించే పనిముట్లు ఒక్కొక్కటీ చూపించి ఒప్పుకోమన్నారు. నా ఒంట్లో నరాలన్నీ ఒక్కొక్కటిగా పీకినా ఒప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు అని మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసింది. వదిలేశారు. పద్నాలుగు నెలలు గొలుసుల్లో ఉంది. లియోన్‌బర్గ్‌లో అడుగు పెడితే కొట్టి చంపుతామని ఊరివాళ్లు అన్నారు. 1622 ఏప్రిల్‌లో చనిపోయింది.

యూరప్‌లో అటు ఇటుగా మూడు వందల ఏళ్లలో నలభై నుంచి అరవై వేల మందిని ఇలా చంపారని చరిత్రకారుల అంచనా. నాలుగింట మూడు వంతులకు పైగా ఆడవాళ్లు. వాళ్లను పిచ్చెక్కిన గుంపులు మాత్రమే చంపలేదు. న్యాయస్థానాలు చంపాయి. గుమాస్తాలు, న్యాయపండితులు, మతగురువులు, చదువుకున్నవాళ్లు చంపారు. 1486లో మంత్రగత్తెలను పట్టుకోవడం ఎలాగో చెప్పే లాటిన్ పుస్తకం ఒకటి రాసింది కూడా ఒక మతగురువే. చదువు రాక కాదు, చదువు వచ్చే ఆ పుస్తకం పుట్టింది.

మన దగ్గరికి వస్తాను. బీహార్ 1999లోనే ఈ వేధింపులకు చట్టం చేసింది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, అస్సాం చేశాయి. 2013లో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను పుణెలో కాల్చి చంపాక మహారాష్ట్ర చేసింది. అస్సాంలో బీరుబాలా రాభా, జార్ఖండ్‌లో ఛుట్నీ మహతో ఇలాంటి ఆడవాళ్లను కాపాడటానికే బతుకు పెట్టారు. ఛుట్నీ మహతోను ఆమె ఊరే మంత్రగత్తె అని హింసించింది. 2021లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో ప్రత్యేక చట్టం లేదు. బాణామతి, చేతబడి, చిల్లంగి అని మనకు పేర్లు మాత్రం మూడున్నాయి. మంత్రం సరిగ్గా పలకకూడదని పట్టకారుతో పళ్లు ఊడబీకిన ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి. పళ్లూడిన నోటితో ముసలామె అన్నం ఎలా నమిలిందో ఆలోచించండి. ఒక్క నిమిషం ఆలోచించండి.

ఇప్పుడు ఆ పంతులు దగ్గరికి వస్తాను.

నా ఉద్యోగం కొత్తలో మెతుకు సీమలో, అదే మెదక్ వైపు, ఒక ఊరికి వేశారు. బడి వెనక ఇంట్లో ఒక అవ్వ ఉండేది. కొడుకు భీవండి మగ్గాల్లో పని. అతను రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు నేనే చదివేవాణ్ని. చదివినందుకు జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం పెట్టేది. పక్కింటి కోడలికి మూర్ఛలు వచ్చాయి. గేదె పాలు ఎగ్గొట్టింది. ఆ రెండిళ్లకూ మధ్య గోడ తగాదా ఎప్పటినుంచో ఉంది. గోడ సంగతి ఊళ్లో ఎవరూ ఎత్తలేదు, బాణామతి అన్నారు. పెద్దమనుషులు చావడిలో కూర్చుని, ఆమె ఊరు విడిచి పోవాలని తీర్మానించారు. కొట్టలేదు, పళ్లు తీయలేదు, దయతలిచామని అనుకున్నారు. కాగితం రాయాలి కదా. నా దస్తూరి బాగుంటుందని పిలిచారు.

నేను రాశాను. రూళ్ల కాగితం మీద, కొట్టివేత లేకుండా. బాణామతి అనేది లేదని నాకు తెలుసు. మూర్ఛ జబ్బని, పట్నం తీసుకెళ్లాలని తెలుసు. ఇరవై నాలుగేళ్ల వయసు, పరాయి ఊరు, చుట్టూ పాతికమంది. ఇవి కారణాలని చెప్పుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. ఆమె బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద ఒత్తింది కూడా నేనే. ఆ వేలు చల్లగా ఉంది.

అమ్మలారా, అయ్యలారా, ఉపాధ్యాయ మిత్రులారా. ఊళ్లలో ఈ కాగితాలు ఇంకా రాయిస్తున్నారు. రాసేవాడు ఎప్పుడూ మనలాంటివాడే. మీ దగ్గరికి వస్తారు. రాయనని చెప్పండి. భయమైతే పోలీసులకు ఫోను చేసి, ఆ తర్వాత భయపడండి. కెప్లర్ అంతటి కొడుకు ప్రతి ముసలావిడకూ ఉండడు. గోడ తగాదా సంగతి ఎత్తే పంతులు ఒక్కడున్నా చాలు.

వేలిముద్ర తుడుచుకుంటూ ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "సారూ, మావాడికి కూడా ఒక ముక్క రాయండి, ఇక ఈ ఊరికి ఉత్తరం వేయొద్దని."

రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మరుసటి నెల ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ అలవాటుగా బడికే తెచ్చి నా చేతికి ఇచ్చాడు.