మౌస్ మీద నేరం మోపే ముందు
(హైదరాబాద్ చిక్కడపల్లిలో డీటీపీ (కంప్యూటర్ మీద పుస్తకాల పేజీలు కూర్చే పని) ఆపరేటర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులందరికీ నమస్కారం.

ఫాంట్ల గురించి మాట్లాడటానికి ఇక్కడ నాకన్నా పెద్దలు చాలామంది ఉన్నారు. నేను రిపేర్ల మనిషిని. మీ బల్ల మీద అందరికన్నా ఎక్కువ తిట్లు తినే వస్తువు, మౌస్ గురించి మాట్లాడతాను.

మీలో చాలామంది దగ్గర రెండు కంప్యూటర్లు ఎందుకున్నాయో మనందరికీ తెలిసిందే. ఒకదానిలో పాత విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, యూనికోడ్ కాని పాత అను తెలుగు ఫాంట్లు. పేజ్‌మేకర్ ఏడో వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తర్వాత కొత్తది రాలేదు. అయినా రచయిత ఎవరైనా పాత పుస్తకానికి రెండో ముద్రణ వేద్దామని వస్తే ఆ కంప్యూటర్ తెరవక తప్పదు. రెండోదానిలో పేజీలు కూర్చే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగు. గది ఇరుకు, బల్ల చిన్నది. అందుకని ఒకే మానిటర్, ఒకే కీబోర్డు, ఒకే మౌస్, మధ్యలో మీట నొక్కితే అటూ ఇటూ మారే డబ్బా. దాన్నే కేవీఎం స్విచ్చి అంటున్నాం.

కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఒకరోజు ఇటు నుంచి అటు మార్చగానే పాయింటర్ మూలకు దూకుతుంది, నొక్కకుండానే మెనూలు తెరుచుకుంటాయి, పేజీలో పెట్టిన బొమ్మ ఎటో పోతుంది. లేదా అసలు కదలదు. వెంటనే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ల బజారుకు వెళ్లి కొత్త మౌస్ కొనుక్కొస్తారు. అదీ అలాగే చేస్తుంది. అప్పుడు నాకు ఫోను చేస్తారు. కొనకముందు చేస్తే బాగుండును, కానీ చేయరు!

నా మాట ఒక్కటే. మౌస్ ఒక్కో కంప్యూటర్‌తో విడిగా బాగా పనిచేస్తూ, మార్చినప్పుడు మాత్రమే మొరాయిస్తుంటే, చెడింది మౌస్ కాదు. మౌస్ గురించి ఆ రెండు కంప్యూటర్లకూ ఉన్న అభిప్రాయం వేరువేరుగా ఉంది. కాబట్టి ముందు డబ్బాను పక్కన పెట్టి మౌస్‌ను నేరుగా పాత కంప్యూటర్‌కు తగిలించి చూడండి. తర్వాత కొత్తదానికి. రెండుచోట్లా బాగుంటే, డబ్బాకు ఒక్క కంప్యూటర్‌నే కలిపి కాసేపు పనిచేయండి. అప్పుడూ బాగుంటే రెండోదాన్ని కలపండి. ఏ మెట్టు దగ్గర తేడా వచ్చిందో రోగం అక్కడే ఉంటుంది. కంగారులో అన్ని తీగలూ ఒకేసారి పీకేసేవాళ్లకు మాత్రం ఏదీ తెలియదు.

ఇప్పుడు ఆ అభిప్రాయ భేదం సంగతి. పాత కంప్యూటర్ వెనుక ఆకుపచ్చ రంగు గుండ్రటి రంధ్రం ఉంటుంది కదా, అది పీఎస్ 2 పోర్టు. 1987లో ఐబీఎం తెచ్చింది. దానికి తగిలించే మౌస్ కదిలిన ప్రతిసారీ మూడు బైట్లు, అంటే మూడు చిన్న సమాచార ముక్కలు పంపుతుంది. ఏ బటన్ నొక్కారు, అడ్డంగా ఎంత కదిలింది, నిలువుగా ఎంత కదిలింది అని. తర్వాత చక్రం ఉన్న మౌసులు వచ్చాయి. చక్రం ఎంత తిరిగిందో చెప్పడానికి నాలుగో బైటు కావాలి. అందుకని కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు మౌస్‌కు ఒక సంకేతం ఇస్తుంది. సెకనుకు 200 సార్లు, తర్వాత 100 సార్లు, తర్వాత 80 సార్లు కబురు పంపమని వరసగా అడుగుతుంది. ఇది గుర్తుపట్టిన మౌస్ తనకు చక్రం ఉందని చెప్పి, అప్పటి నుంచి నాలుగేసి బైట్లు పంపుతుంది. గుర్తుపట్టనిది మూడు బైట్లతోనే ఉండిపోతుంది.

ఈ సంభాషణ మొదట్లో ఒక్కసారే జరుగుతుంది. చిక్కంతా అక్కడే. ఎండాకాలం గాలివానకు కరెంటు పోయి వచ్చిందనుకోండి. రెండు కంప్యూటర్ల మీటలూ ఒకేసారి నొక్కుతారు. డబ్బా మాత్రం ఒకవైపే తిరిగి ఉంది. ఆ వైపు కంప్యూటర్‌కు చక్రం సంగతి తెలుస్తుంది. రెండోదాని ప్రశ్నకు డబ్బా సరిగా బదులివ్వకపోతే, అది మూడు బైట్లే వస్తాయని నిశ్చయించుకుంటుంది. తర్వాత మీరు అటు మార్చగానే నాలుగేసి వస్తుంటాయి. నాలుగేసి పేజీల ఫారాన్ని మూడేసి పేజీలుగా మడిస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? కదలిక లెక్కను బటన్ లెక్కగా చదువుతుంది. నొక్కకుండా మెనూ తెరుచుకున్నది అందుకే.

అసలు కదలకపోవడానికి కారణం వేరు. గుండ్రటి మీట తిప్పే పాత డబ్బాలు తీగను నిజంగానే తెంపి కలుపుతాయి. కరెంటు అందక మౌస్ మళ్లీ మొదటికి వస్తుంది. మొదటి స్థితిలో కంప్యూటర్ అనుమతించేదాకా అది కదలికలు చెప్పదు. అనుమతి ఎప్పుడో ఇచ్చేశానని కంప్యూటర్ అనుకుంటుంది. ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చుంటారు. పీఎస్ 2 నడుస్తుండగా పీకి పెట్టడానికి చేసింది కాదు. ఈ తిప్పుడు డబ్బాలు మీ దగ్గరుంటే వాటికి వైద్యం చేయకండి, తీసేయండి.

ఎలక్ట్రానిక్ డబ్బాకు మందు ఉంది. కంప్యూటర్లను ఒకదాని తర్వాత ఒకటి మొదలుపెట్టండి. ఏది మొదలవుతుంటే డబ్బాను అటు తిప్పి ఉంచండి. చాలావరకు ఇంతే. అప్పటికీ కుదరకపోతే ఎక్స్‌పీలో డివైస్ మేనేజర్‌కు వెళ్లి, మౌస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వీల్ డిటెక్షన్ ఆపేయండి. పీఎస్ 2 మీద ఉన్న రెండో కంప్యూటర్‌లోనూ అలాగే చేయాలి, ఒకదానిలోనే చేస్తే తేడా పెరుగుతుంది. చక్రం పనిచేయదు, పాయింటర్ దూకడం మానుతుంది. పేజ్‌మేకర్‌లో చక్రం లేకుండా ఏళ్లు గడిపినవాళ్లకు అది పెద్ద నష్టం కాదని నా అభిప్రాయం. విండోస్ బదులు లినక్స్ వాడేవాళ్లయితే, మౌస్‌ను నడిపే పీఎస్‌మౌస్ మాడ్యూల్‌ను తీసి మళ్లీ ఎక్కిస్తే సంభాషణ కొత్తగా మొదలవుతుంది.

యూఎస్‌బీలో ఈ బైట్ల గొడవ లేదు. సాదా డబ్బా మార్చిన ప్రతిసారీ మౌస్‌ను పీకి పెట్టినట్టే లెక్క, గుర్తుపట్టడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. అది జబ్బు కాదు, తొందరపడి మళ్లీ మళ్లీ నొక్కకండి. కొన్ని మంచి డబ్బాల్లో మౌస్ బొమ్మ వేసిన పోర్టు ఉంటుంది. అందులో డబ్బాయే మౌస్ వేషం కట్టి రెండు కంప్యూటర్లకూ ఎప్పుడూ కనిపిస్తుంటుంది. వేగంగా మారుతుంది, కానీ దానికి తెలిసింది మామూలు మౌస్ వేషమే. పక్క బటన్లున్న ఖరీదైన మౌస్ అక్కడ సగమే పనిచేస్తుంది. అదే డబ్బాలో బొమ్మ లేని పోర్టు ఉంటే అందులో పెట్టండి.

తీగ లేని మౌస్ అయితే డబ్బా వెనుక చూడండి. మౌస్ సంకేతాలు అందుకునే చిన్న ముక్క, అదే రిసీవర్, దాని పక్కనే నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్ డిస్క్ ఉందా? ఆ పోర్టు, ఆ తీగ పనిచేసేటప్పుడు పుట్టే రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా ఉంటుంది. మీ మౌస్ మాట్లాడేదీ అక్కడే. పుస్తకం ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడే పాయింటర్ తడబడుతుంటే కారణం ఇదే కావచ్చు. పొట్టి యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ తీగ ఒకటి కొని రిసీవర్‌ను మౌస్ దగ్గరికి తెచ్చుకోండి.

డబ్బా లేకుండా నెట్‌వర్క్ మీద మౌస్ పంచే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వారి మౌస్ వితౌట్ బోర్డర్స్ 2023 నుంచి పవర్‌టాయ్స్ అనే విండోస్ పనిముట్ల సంచిలో భాగంగా వస్తోంది. అయితే పవర్‌టాయ్స్ ఎక్స్‌పీ మీద నడవదు. పైగా ఎక్స్‌పీకి భద్రతా మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. మౌస్ కోసం ఆ కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌లోకి తేవడం నాకు ఇష్టం లేదు. రెండూ కొత్తవే అయితే నిరభ్యంతరంగా వాడుకోండి, పాయింటర్ అటు దాటకపోతే ముందు నెట్‌వర్క్ రాకపోకలను అడ్డుకునే ఫైర్‌వాల్ చూడండి. ఒక మాట: ఇలాంటివి క్లిప్‌బోర్డును కూడా పంచుతాయి. అను ఫాంటులో కాపీ చేసింది అవతల యూనికోడ్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. దానికి కన్వర్టర్ కావాలి, నన్ను పిలవకండి.

డబ్బాలు వెంట తెచ్చినవాళ్లు ఇటు రండి. పక్క బల్ల మీద రెండు కంప్యూటర్లు సిద్ధంగా ఉన్నాయి, ఒక్కొక్కటీ తగిలించి చూద్దాం.